అడ్డంకుల పోటీల్లో జారుడు కడ్డీ దగ్గర అంతమంది ఎందుకు పడిపోతున్నారు?

లంకగ్రామం (పి.గన్నవరం):

సభ్యులందరికీ నమస్కారం. జపాన్‌లో టీబీఎస్ ఛానల్ 1997లో మొదలుపెట్టిన ‘సాసుకే’ పోటీలను, దాని బాటలో 2009లో అమెరికాలో మొదలైన ‘అమెరికన్ నింజా వారియర్’ పోటీలను మా ఊరి కుర్రాళ్లు కొంతకాలంగా ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు. ఐదు క్రీడలు కలిసిన ఆధునిక పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీ పారిస్ ఒలింపిక్స్‌తో ముగిసిపోయి, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు దాని స్థానంలో అడ్డంకుల పరుగు వస్తున్నదని తెలిశాక వారి ఆసక్తి సాధన వైపు మళ్లింది. 70 మీటర్ల దారిలో 8 అడ్డంకులు దాటే పరుగు అది. ఊరి పాఠశాల వెనుక ఉన్న ఖాళీ స్థలంలో సాధన కోసం ఒక చట్రం కట్టుకుందామని అనుకుంటున్నాము.

నా సందేహమంతా ఒకే అడ్డంకి గురించి. మనిషి పట్టుకున్న కడ్డీయే పట్టాల మీద జారుతూ ముందుకు పోయే అడ్డంకి అది. సాసుకేలో దీనికి రెండు రూపాలు చూశాము. పాత పోటీల్లో మూడో దశ చివర ఉండే ‘పైప్ స్లైడర్’లో, రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టిన గొట్టానికి వేలాడుతూ, ఒంటిని ఊపి ఆ గొట్టాన్నే ముందుకు నడిపించుకొని, చివర గట్టు మీదికి దూకాలి. ఇటీవలి పోటీల మొదటి దశలో వచ్చే ‘డ్రాగన్ గ్లైడర్’లో ట్రాంపొలిన్ మీది నుంచి ఎగిరి కడ్డీని అందుకోగానే అది వాలు పట్టాల మీద జారుతుంది. అక్కడి నుంచి రెండో కడ్డీకి మారి, మళ్లీ జారి, దిగాలి.

3 సెంటీమీటర్ల అంచును వేళ్ల కొసలతో పట్టుకొని ‘క్లిఫ్‌హ్యాంగర్’ దాటివచ్చినవారు, రెండు చేతులా నిండుగా పట్టుకునే వీలున్న గొట్టం దగ్గరకు వచ్చి నీళ్లలో పడిపోవడం ఎందుకు జరుగుతున్నది? చేతుల్లో సత్తువ అప్పటికే అయిపోవడం వల్లనే అయితే సాధన ఒక విధంగా ఉండాలి, వేరే కారణమైతే మరో విధంగా ఉండాలి. చట్రం కట్టకముందే ఈ విషయం తేల్చుకోవాలని అడుగుతున్నాను.

భౌతికశాస్త్రం మాస్టారు (భీమవరం):

లంకగ్రామం గారూ, ముందు వాలు పట్టాల సంగతి చెబుతాను, ఎందుకంటే అక్కడ లెక్క స్పష్టంగా ఉంటుంది.

రాపిడి దాదాపు లేని వాలు మీద కడ్డీ జారుతున్నంతసేపూ దానికి వేలాడే మనిషి నిటారుగా ఉండడు. అతని శరీరం పట్టాలకు లంబంగా ఉండే దిశలోకి సర్దుకుంటుంది, అంటే కాళ్లు కొంచెం వెనక్కు ఉంటాయి. పైగా అప్పుడు చేతుల మీద పడే భారం అతని అసలు బరువు కంటే కొద్దిగా తక్కువే. అందువల్ల జారుతున్న ఆ కొద్ది క్షణాలు హాయిగానే గడుస్తాయి, టీవీలో చూసేవారికి కూడా అంతా సవ్యంగా సాగుతున్నట్టే కనిపిస్తుంది.

కష్టమంతా కడ్డీ ఆగినప్పుడు మొదలవుతుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పోయే పంటు అవతలి రేవును తాకినప్పుడు నిలబడ్డ జనమంతా ఒక్కసారిగా ముందుకు తూలినట్టే, కడ్డీ ఆగినా శరీరం ఆగదు. అప్పటిదాకా సూటిగా సాగిన వేగమంతా చేతుల చుట్టూ తిరిగే ఊపుగా మారుతుంది. ఆ ఊపులో శరీరం అడుగు బిందువును దాటే క్షణాన చేతుల మీద పడే భారాన్ని తేలికగా లెక్క కట్టవచ్చు. కడ్డీ మొత్తం మీద దిగిన ఎత్తును రెట్టింపు చేసి, చేతుల నుంచి శరీర గురుత్వ కేంద్రానికి ఉన్న దూరంతో భాగించి, వచ్చిన దానికి 1 కలిపితే, అసలు బరువుకు ఎన్ని రెట్ల భారం పడుతుందో వస్తుంది. చేతులు చాచి వేలాడే పెద్దవారికి ఆ దూరం సుమారు 1.2 మీటర్లు అనుకుందాం. కడ్డీ అర మీటరు దిగితే భారం 1.8 రెట్లు దాటుతుంది. ఒక మీటరు దిగితే సుమారు 2.7 రెట్లు అవుతుంది. అంటే 70 కిలోల మనిషి ఆ క్షణంలో దాదాపు 187 కిలోల భారాన్ని వేళ్ల మీద నిలపాలి. రాపిడి కొంత వేగాన్ని తినేస్తుంది కనుక నిజమైన పట్టాల మీద ఇది కాస్త తగ్గుతుంది. అయినా లెక్క చెప్పే విషయం మారదు.

క్లిఫ్‌హ్యాంగర్ దగ్గర భారం నిదానంగా, ముందే తెలిసిన తీరులో పడుతుంది, ఇక్కడ ఒక్క దెబ్బలో వచ్చి పడుతుంది. అలసిపోయిన ముంజేయి మొదటి రకాన్ని ఎలాగో ఓర్చుకోవచ్చు గాని, రెండో రకాన్ని ముందుగా సిద్ధపడకపోతే ఓర్చుకోలేదు.

కాలువగట్టు (రాజోలు):

మాస్టారూ, మీరు చెప్పింది వాలు పట్టాలకు సరిపోయింది. పైప్ స్లైడర్‌లో వాలుతో పని లేదు కదండీ. అక్కడ గొట్టాన్ని మనిషే నడిపించుకోవాలి. ఒంటిని ముందుకు ఊపితే గొట్టం ముందుకు పోతుంది సరే, వెనక్కు ఊగినప్పుడు అంతే దూరం వెనక్కు రాకుండా ఎలా ఉంటుంది?

వ్యాయామోపాధ్యాయిని (కాకినాడ):

చాలా మంచి ప్రశ్న వేశారు. వేలాడే మనిషి ఊగుతూ వాలినప్పుడు గొట్టాన్ని పక్కకు లాగే బలం ఆ వాలు కోణాన్ని బట్టి పెరుగుతుంది. ఆ బలం పట్టాల దగ్గర రాపిడిని మించితేనే గొట్టం కదులుతుంది, మించకపోతే ఉన్నచోటే ఉంటుంది. అనుభవం ఉన్న ఆటగాడు ముందుకు ఊగేటప్పుడు నడుమునూ కాళ్లనూ గట్టిగా విసురుతాడు, వెనక్కు వచ్చేటప్పుడు మోకాళ్లు ముడిచి ఊపును చిన్నది చేస్తాడు. ముందు విసురు రాపిడిని దాటుతుంది, వెనుక ఊపు దాటదు. గొట్టం ముందుకే సాగుతుంది. కొత్తవారు రెండు వైపులా ఒకే తీరున ఊగుతారు కాబట్టి గొట్టం అక్కడక్కడే ఆడుతుంది, చేతుల్లో సత్తువ మాత్రం ఆవిరైపోతుంది. సాసుకే మూడో దశకు కాలపరిమితి లేదన్న మాట నిజమే గాని, వేలాడి ఉన్నవారికి ముంజేతులే గడియారం.

ఇక చివర దూకడం గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే నా ఉద్దేశంలో ఈ అడ్డంకి ప్రాణమంతా అక్కడే ఉంది. కడ్డీ ఆగిన తరువాత శరీరం ముందుకు లేచే ఊపులో చేతులు ఎప్పుడు వదలాలో నిర్ణయించుకోవడానికి పావు సెకను పైచిలుకు సమయం దొరుకుతుంది. ఊపు పూర్తిగా పైకి వచ్చేదాకా ఆగితే కాళ్లు ఎత్తుగా కనిపిస్తాయి, చూసేవారికి అదే సరైన క్షణమనిపిస్తుంది. కాని అప్పటికి ముందుకు తీసుకుపోయే వేగం అయిపోయి ఉంటుంది. అక్కడ వదిలినవారు నిలువునా కిందికి దిగుతారు, లేదా వీపు మీద పడతారు. అడుగు బిందువు దాటగానే తొందరపడి వదిలితే వేగం ఉన్నా ఎత్తు చాలక గట్టు అంచుకు మోకాళ్లు తగులుతాయి. ఈ రెండింటికీ నడుమ, తుంటి చేతుల కంటే ముందుకు వచ్చి ఇంకా పైకి లేస్తూ ఉన్నప్పుడు వదలాలి. వదిలిన వెంటనే చేతులను ముందుకు తేవాలి. చేతులు తల వెనుకే ఉండిపోతే పాదాలు గట్టును తాకినా శరీరం వెనక్కు ఒరిగిపోతుంది.

మా విద్యార్థులకు మొదట కదలని కడ్డీ మీద ఈ వదిలే క్షణాన్ని నేర్పి, అది శరీరానికి అలవాటయ్యాకే కదిలే కడ్డీ దగ్గరకు పంపుతాను. భుజాలను చెవుల దాకా జారవిడిచి వేలాడే అలవాటును మొదటి రోజునే మాన్పించాలి. భుజాలు కిందికి బిగించి ఉంచితే మాస్టారు లెక్క కట్టిన దెబ్బలో కొంత వీపు కండరాలు పంచుకుంటాయి, లేకపోతే అదంతా భుజపు కీలు మీదే పడుతుంది.

ఇనుపపని (పాలకొల్లు):

పెద్దలు సాధన గురించి చెప్పారు, నేను చట్రం గురించి చెబుతాను. వెల్డింగు షాపు నడుపుతున్నాను. పిల్లలు వేలాడే వస్తువు కనుక ఎక్కడా రాజీ పడవద్దని ముందే కోరుతున్నాను.

కడ్డీకి జీఐ పైపు తీసుకుంటే పసుపు గీత ఉన్న ‘ఏ’ క్లాసు వద్దు. నీలి గీత బీ క్లాసు గాని, ఎర్ర గీత సీ క్లాసు గాని వాడండి. అంగుళం పైపు బయటి కొలత సుమారు 34 మిల్లీమీటర్లు, అంగుళంపావు పైపు బయటి కొలత సుమారు 42 మిల్లీమీటర్లు వస్తుంది. జిమ్నాస్టిక్స్‌లో వాడే అడ్డ కడ్డీ 28 మిల్లీమీటర్లే ఉంటుంది. లావు పెరిగేకొద్దీ వేళ్లు చుట్టూ తిరిగి బొటనవేలిని కలుసుకోవడం కష్టమవుతుంది. కుర్రాళ్లకు అంగుళం పైపుతో మొదలుపెట్టడం మేలు.

పట్టాలకు చాలామంది 75 మిల్లీమీటర్ల ఎమ్మెస్ (మామూలు మెత్తని ఉక్కు) ఛానల్ తెచ్చి, దానిలో బేరింగు పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ఆ ఛానల్ రెక్కల లోపలి ముఖం సమతలంగా ఉండదు, మూల దగ్గర మందంగా, అంచు దగ్గర పలుచగా, వాలుగా ఉంటుంది. దాని మీద తిరిగే బేరింగు ఒక అంచునే ఆనుతుంది, కొన్నాళ్లకు పక్కకు ఒరిగి పట్టేస్తుంది. కనుక లోపల సమంగా ఫ్లాటు పట్టీ వెల్డు చేసి, గ్రైండరుతో నున్నగా చేసి, దాని మీద బేరింగును తిప్పాలి. 6204 నంబరు బేరింగు బయటి కొలత 47 మిల్లీమీటర్లు కాబట్టి పట్టీ వేసిన తరువాత కూడా 75 ఛానల్‌లో ఇముడుతుంది, పై రెక్క అడ్డు ఉండటం వల్ల కడ్డీ ఎగిరి బయటికి రాదు. మన ఉప్పుగాలికి రబ్బరు సీలు ఉన్న బేరింగులే నిలబడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది కడ్డీ మెలిక. మనిషి ఒక చేత్తో కొంచెం ఎక్కువ లాగినా కడ్డీ ఒక కొస ముందుకు పోయి, రెండో కొస వెనుకబడి, పట్టాల మధ్య ఐమూలగా బిగుసుకుపోతుంది. జారుతున్న కడ్డీ అలా నడుమన ఆగితే మనిషి తయారుగా ఉండడు. ఒక్కో కొసకు ఒక్క బేరింగు పెట్టకుండా, 15 సెంటీమీటర్ల ఎడంతో రెండేసి బేరింగులున్న చిన్న బండిలాగా చేస్తే ఈ మెలిక చాలావరకు తగ్గుతుంది. టీవీలో కొందరు మధ్యలోనే కడ్డీ వంకర తిరిగి పడిపోవడం మీరు చూసే ఉంటారు.

చివర కడ్డీ తగిలే స్టాపరుకు లారీ టైరు ముక్కలు రెండు మూడు పొరలుగా బిగించండి. ఇనుముకు ఇనుము కొట్టుకుంటే ఆ అదురు మణికట్టుకు ఎక్కుతుంది. మన ఒండ్రు నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది కనుక స్తంభాల పునాది లోతుగా వేసి, వానాకాలం పోయాక రెండు పట్టాలనూ లెవల్ ట్యూబుతో మళ్లీ సరిచూసుకోవాలి. ఒక పట్టా వేలెడు కుంగినా పైన చెప్పిన మెలిక వస్తుంది.

సముద్రతీరం (అంతర్వేది):

అందరూ పట్టును కొంచెం చిన్నచూపు చూస్తున్నట్టు అనిపించి రాస్తున్నాను. సాసుకే నాలుగు దశలనూ 1999లో మొట్టమొదట పూర్తి చేసిన అకియామా పీతల వేటకు పోయిన మనిషి. 2006లో పూర్తి చేసిన నగానో చేపల పడవ నడిపే మనిషి. 2020 నాటికి మొత్తం నలుగురే అన్ని దశలూ దాటగలిగితే, అందులో ఇద్దరు సముద్రం మీద పని చేసినవారు కావడం వేటకు పోయే మాకు యాదృచ్ఛికంగా తోచదు. తడి తాడును లాగే చేయి, అల వచ్చినప్పుడు ఒక్కసారిగా పడే గుంజును రోజూ ఓర్చుకునే చేయి, మాస్టారు చెప్పిన ఆ దెబ్బకు పుట్టుకతోనే సిద్ధపడి ఉంటుంది.

ఇంకొక మాట. మన దగ్గర ఉక్కపోతలో ఇనుప గొట్టం పట్టుకుంటే అరచేయి క్షణంలో చెమర్చుతుంది. జిమ్నాస్టులు వాడే మెగ్నీషియం కార్బొనేట్ పొడి లేకుండా మే నెలలో సాధన పెట్టవద్దు. తెల్లవారుజామున అయితే గొట్టం మీద మంచు తడి ఉంటుంది, పొడిబట్టతో తుడిచి గాని ఎక్కనివ్వకూడదు.

వ్యాయామోపాధ్యాయిని (కాకినాడ):

సముద్రతీరం గారు చెప్పిన గుంజు సంగతి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే మిగిలిన ఇద్దరిలో ఉరుషిహారా చెప్పుల దుకాణంలో పని చేసినవాడు, మొరిమోతో కంప్యూటర్ల ఇంజనీరు. ఇద్దరూ చెరి రెండుసార్లు పూర్తి చేశారు. వృత్తి ఇచ్చిన పట్టును సాధనతోనూ సంపాదించవచ్చునని మన పిల్లలకు చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను. మన అమలాపురం దసరా చెడీ తాలింఖానాలో కర్ర తిప్పే యువకుల మణికట్లు చూడండి, అది పుట్టుకతో వచ్చినది కాదు, ఏళ్ల తరబడి తిప్పితే వచ్చినది.

పట్టులో ఒక మెళకువ ఉంది. కడ్డీని అరచేతి లోతులో పెట్టుకొని పిడికిలి బిగిస్తే, శరీరం ఊగినప్పుడు చర్మం మడత పడి వేళ్ల మొదట కాయలు చిట్లుతాయి. కడ్డీని వేళ్ల మొదటి గీత మీదే ఉంచి చుట్టాలి. కాయలు లేచినచోట వారానికి ఒకసారి ప్యూమిస్ రాయితో నున్నగా రుద్దుకుంటే చిట్లడం బాగా తగ్గుతుంది.

కొబ్బరిదింపు (ముమ్మిడివరం):

మేడమ్ గారు చెప్పిన మాట అక్షరాలా నిజమండి. దింపు పనికి కొత్తగా వచ్చిన కుర్రాడు చెట్టును అరచేత్తో అదిమి పట్టి తొలి వారంలోనే చేతులు పుండ్లు చేసుకుంటాడు. అలాగే వేలాడేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దని కూడా పిల్లలకు చెప్పండి. ఊపిరి బిగబడితే చేయి తొందరగా అలిసిపోతుంది.

లంకగ్రామం (పి.గన్నవరం):

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా కుర్రాళ్లలో కొందరు టీవీలో ఉన్నట్టే కింద నీళ్లు ఉండాలని పట్టుబడుతున్నారు. ఊరి పక్క కాలువ మీద గాని, ఒక బంధువుగారి రొయ్యల చెరువు మీద గాని చట్రం కడదామంటున్నారు. దీని మీద మీ అభిప్రాయం చెప్పగలరు.

చెరువుగట్టు (ఉండి):

దయచేసి ఆ ఆలోచన మానుకోండి. నేను రొయ్యల సాగులో ఉన్నవాడిని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మన చెరువుల్లో నీటి లోతు మనిషి ఛాతీ దాకా ఉంటే ఎక్కువ, అడుగున బురద. జారుడు కడ్డీ మీది నుంచి పడేవారు కాళ్ల మీద పడరు. మేడమ్ గారు రాసినట్టు ఆలస్యంగా వదిలినవారు వీపు మీదో, మెడ మీదో పడతారు. ఆ లోతు వారిని కాపాడదు. దానికి తోడు చెరువులో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు, వాటికి నీళ్ల మీదుగా పోయే కరెంటు తీగలు ఉంటాయి. ఒక తీగ పొర చిట్లి ఉంటే నీళ్లలో పడిన పిల్లవాడిని కాపాడడానికి దిగినవారు కూడా ప్రమాదంలో పడతారు.

కాలువ సంగతి కూడా అంతే. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అడుగు బయటపడితే చూడండి, విరిగిన సీసాలు, రేవు రాళ్లు, పాత గుంజలు అన్నీ అక్కడే ఉంటాయి. నీళ్లు వదిలాక అవి కనిపించవు, అంతే తేడా. టీవీ పోటీల్లో కింద ఉండే నీళ్లు అందుకోసమే కట్టించి, అడుగు శుభ్రంగా ఉంచిన తొట్లు. మన కోనసీమలో పీచుకు కొదవ లేదు కదా. రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పరుపులు రెండు వరుసలు వేసి, చుట్టూ గోనెసంచుల్లో పీచు పొట్టు నింపి పేర్చండి. వానకు తడవకుండా పైన టార్పాలిన్ కప్పితే ఏళ్ల తరబడి పనికి వస్తాయి.

లంకగ్రామం (పి.గన్నవరం):

చెరువుగట్టు గారి మాటతో ఆ చర్చ ఇక్కడితో ముగించాను, చట్రం పాఠశాల స్థలంలో, పరుపుల మీదే ఉంటుంది. ఒక్క సందేహం మిగిలింది. పదీ పన్నెండేళ్ల పిల్లలు కూడా ఎక్కుతామంటారు. వారి బరువు తక్కువ కనుక పెద్దల కోసం పెట్టిన వాలు వారికి ఇంకా తేలికే అవుతుందని మా వాళ్లు అంటున్నారు. ఇది సరైనదేనా, మాస్టారూ?

భౌతికశాస్త్రం మాస్టారు (భీమవరం):

కాదు, అలా అనుకోవడం ప్రమాదకరం. నేను మొదట రాసిన లెక్కను మళ్లీ చూడండి, దానిలో బరువు రెట్లుగానే వస్తుంది. ఆ రెట్లను నిర్ణయించేది దిగిన ఎత్తు, చేతుల నుంచి గురుత్వ కేంద్రానికి ఉన్న దూరం. పిల్లల శరీరం పొట్టిది కనుక ఆ దూరం 0.9 మీటర్లే అనుకుంటే, అదే అర మీటరు దిగుడుకు పెద్దవారికి 1.8 రెట్లు పడే భారం పిల్లలకు 2.1 రెట్లు పడుతుంది. అంటే తన బరువుతో పోల్చుకుంటే పిల్లవాడే ఎక్కువ దెబ్బ తింటాడు, అతని వేళ్లూ భుజపు కీళ్లూ ఇంకా లేతవి కూడా.

కనుక పట్టాల పై కొసను బోల్టులతో రెండు మూడు ఎత్తుల్లో బిగించే వీలు ఉంచమని ఇనుపపని గారిని కోరండి. పిల్లలకు దిగుడు 20 సెంటీమీటర్లు మించనివ్వవద్దు, అప్పుడు వారి మీద భారం ఒకటిన్నర రెట్ల లోపే ఉంటుంది. పెద్దవారు కూడా పావు మీటరు దిగుడుతో మొదలుపెట్టి, కడ్డీ ఆగిన ప్రతిసారీ పట్టు సడలకుండా నిలబడగలిగిన తరువాతే అర మీటరుకు పోవాలి.

ఇనుపపని (పాలకొల్లు):

తప్పకుండా చేయవచ్చండి. పై కొస స్తంభానికి వరుసగా 10 సెంటీమీటర్ల ఎడంతో రంధ్రాలు వేసి, 16 మిల్లీమీటర్ల హైటెన్సిల్ బోల్టులు వాడదాము. ఎత్తు మార్చిన ప్రతిసారీ రెండు వైపులా ఒకే రంధ్రంలో బోల్టు ఉన్నదో లేదో ఒక పెద్దమనిషి చూసి, ఖాళీ కడ్డీని ఒకసారి జార్చి, అది ఐమూలగా తిరగకుండా చివరి దాకా పోయిందని రూఢి చేసుకున్నాకే పిల్లలను ఎక్కనివ్వండి. లంకగ్రామం గారూ, స్థలం కొలతలు పంపితే ఇనుము ఎంత పడుతుందో లెక్క వేసి ఇక్కడే పెడతాను.